రెండో డాక్టరు ఎప్పుడూ తెలివైనవాడిలాగే కనిపిస్తాడు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో పాఠకుల ఉత్తరాల్లో ఈమధ్య ఒకే రకం కంప్లయింటు తెగ కనిపిస్తోందండీ, ఫలానా డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏమీ లేదన్నాడు, జ్వరం మాత్ర రాసిచ్చి పంపేశాడు, మూడ్రోజులాగి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తే చూడగానే చెప్పేశాడు, ఆ మొదటాయన మీద చర్య తీసుకోవాలి అని. రాసినవాళ్ళ బాధ నిజమే, కాదనను. కానీ నేను చాలా ఏళ్ళు ఓపీలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఆ గది లోపల ఏం జరుగుతుందో చూసినదాన్ని కాబట్టి ఒక మాట చెప్పాలనిపించి రాస్తున్నా. ఉత్తరం పెద్దదైతే కత్తిరించుకోండి, మధ్యలో టెస్టుల లెక్క ఒకటి ఉంది, దాన్ని మాత్రం తీసేయకండి ప్లీజ్.

ఆ రెండో డాక్టర్‌కి మొదటాయనకి లేని సదుపాయం ఒకటి ఉందండీ, ఆ మధ్యలో గడిచిన మూడ్రోజులు. సర్పినే తీసుకోండి. ముందు ఛాతీకో వీపుకో ఒక పక్కన మంటలా పోటులా నొప్పి మొదలవుతుంది, చర్మం మీద ఏమీ ఉండదు, ఈసీజీ తీస్తే నార్మల్, స్కానింగ్ తీస్తే నార్మల్, పేషెంటేమో నొప్పితో మెలికలు తిరుగుతుంటాడు. రెండు మూడు రోజులయ్యాక అదే పక్కన వరసగా నీటి పొక్కులు లేస్తాయి. ఇక అప్పుడు డాక్టర్ కూడా అక్కర్లేదు, అంతకుముందు ఇంట్లో ఎవరికైనా సర్పి వచ్చి ఉంటే వాళ్ళే చెప్పేస్తారు. అపెండిసైటిస్ కూడా అంతే, పెద్దవాళ్ళు ఇరవై నాలుగు గంటల నొప్పి అనేవాళ్ళే అది, మొదట్లో బొడ్డు చుట్టూ ఎక్కడో తెలీని నొప్పి, కాస్త వికారం, అన్నం సయించకపోవడం, కొన్ని గంటలు పోయాక గానీ నొప్పి కుడివైపు కిందకి దిగదు, ఆ మొదటి గంటల్లో పొట్ట నొక్కి చూస్తే మెత్తగానే ఉంటుంది. తట్టులో జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడటం ముందొచ్చి దద్దురు మూడు నాలుగు రోజులకి గానీ రాదు. పచ్చకామెర్లలో కళ్ళు పచ్చబడకముందు వాంతులూ నీరసం జ్వరం మాత్రమే ఉండే రోజులుంటాయి. డెంగీకి చేసే ఐజీఎం రక్తపరీక్ష కూడా మొదటి నాలుగైదు రోజుల్లో చేస్తే నెగెటివ్ రావచ్చు, ఎందుకంటే ఒంట్లో ఆ యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు, అందుకే మొదటి రోజుల్లో వైరస్ ప్రోటీన్‌నే నేరుగా పట్టుకునే ఎన్ఎస్1 పరీక్ష అడుగుతారు. అంటే జబ్బు కూడా బయటపడటానికి టైం తీసుకుంటుంది, అది ఇంకా బయటపడని రోజున చూసిన మనిషిని పట్టుకుని కనిపెట్టలేదేం అంటే ఎలా.

అలాగని మొదటి డాక్టర్లందరూ అమాయకులని కాదు నేననేది, అస్సలు కాదు. "ఏమీ లేదు" అనేది రెండు రకాలుగా చెప్తారు. తల ఎత్తకుండా, చెయ్యి వేయకుండా, వెనకాల లైను చూసుకుంటూ చెప్పేది ఒకటి. రెండోది కూర్చోబెట్టి అడిగి, పల్స్ చూసి, ఊపిరి లెక్కపెట్టి, పొట్ట నొక్కి చూసి "ఇప్పటికైతే ప్రమాదం ఏమీ కనపడట్లేదమ్మా, కానీ నొప్పి ఒకచోట నిలబడినా, వాంతులు ఆగకపోయినా, జ్వరం పెరిగినా రాత్రైనా సరే వచ్చేయండి, ఏమీ లేకపోయినా ఎల్లుండి ఒకసారి కనపడండి" అని చెప్పేది. రెంటిలోనూ చీటీ మీద రాసిచ్చే మందు ఒకటే కావచ్చు, అదే పారాసెటమాల్. కానీ మొదటిది నిర్లక్ష్యం, రెండోది వైద్యం. బ్రిటన్‌లో రోజర్ నైబర్ అనే ఫ్యామిలీ డాక్టర్ 1987లోనే దీన్ని మూడు ప్రశ్నలుగా పెట్టాడు, నేననుకున్నది కరెక్టయితే ఇకముందు ఏం జరగాలి, నేననుకున్నది తప్పయితే అది నాకెలా తెలుస్తుంది, అప్పుడు నేనేం చేయాలి. దీన్నే సేఫ్టీ నెట్టింగ్ అంటారు. మీ పాఠకులు కోపం తెచ్చుకోవాల్సింది మొదటిరోజే జబ్బు పేరు చెప్పలేదని కాదు, ఈ మూడింటికి జవాబు లేకుండా పంపించేశారని.

ఇంకో సంగతి, పేషెంట్లు ఎక్కువ టెస్టులు రాసిన డాక్టర్‌నే బాగా చూసినట్టు లెక్కేస్తారు. ఎన్ని ప్రశ్నలడిగాడో ఎవరూ లెక్కపెట్టరు. 1975లో హాంప్టన్, ఆయన తోటి డాక్టర్లు కలిసి బ్రిటన్‌లో ఒక మెడికల్ ఓపీకి కొత్తగా వచ్చిన 80 మంది పేషెంట్ల మీద లెక్క తీశారు. అందులో 66 మందిలో పంపిన డాక్టర్ రాసిన ఉత్తరం చదివి పేషెంటు చెప్పింది విన్నాక అనుకున్న జబ్బే చివరికీ నిలబడింది, చెయ్యి వేసి పరీక్ష చేయడం వల్ల అభిప్రాయం మారింది 7 మందికి, ల్యాబ్ పరీక్షల వల్ల మారింది ఇంకో 7 మందికి. ఆ తర్వాత స్కానింగులు ఎంతో మెరుగయ్యాయి నిజమే, కానీ ఏ స్కాన్ ఎవరికి తీయాలో తేల్చేది ఇప్పటికీ ఆ మాటలే కదా.

ఆ మాటలు చెప్పనిస్తే కదా అంటారా. అదీ ఉంది. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు 74 కన్సల్టేషన్ల రికార్డింగులు విని చూస్తే పేషెంటు మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డుపడుతున్నాడని తేలింది, మొదలుపెట్టిన మాట పూర్తి చేయగలిగింది 17 మంది మాత్రమే. మరి ఆపకుండా వదిలేస్తే గంటలు గంటలు చెప్తారు కదా అని డాక్టర్ల భయం. అదీ చూశారండీ, 2002లో స్విట్జర్లాండ్‌లో 335 మంది పేషెంట్లని అడ్డుపడకుండా మాట్లాడనిస్తే సగటున 92 సెకన్లలో వాళ్ళే ఆపేశారు, నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించారు. రెండు నిమిషాలు! మా ఓపీలో బీపీ పట్టీ చుట్టి విప్పడానికి అంతకంటే ఎక్కువే పట్టేది.

విన్నాక అడిగే ప్రశ్నల్లోనే అసలు పనితనం ఉంటుంది. కళ్ళు తిరుగుతున్నాయి అని ఒకావిడ వస్తుంది. వెంటనే చీటీ మీద తల తిరగడానికి మాత్ర రాసేయొచ్చు, చాలామంది రాసేస్తారు కూడా. అడిగే డాక్టరైతే ఎప్పుడు తిరుగుతున్నాయి, ఎంతసేపు, ఏం చేస్తే వస్తోంది అని పట్టుకుంటాడు. మంచం మీద పక్కకి ఒత్తిగిలినప్పుడు గది మొత్తం గిర్రున తిరిగి నిమిషంలోపే ఆగిపోతే అది చాలావరకు చెవి లోపలి గొడవ, తలని ఒక పద్ధతిలో తిప్పితే చాలాసార్లు అక్కడికక్కడే తగ్గుతుంది, మాత్ర కూడా అక్కర్లేదు. కూర్చున్నది లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మితే బీపీ మందు డోసు ఎక్కువైందేమో, ఒంట్లో నీళ్ళు తగ్గాయేమో, రక్తం తక్కువైందేమో, లోపలెక్కడన్నా రక్తం పోతోందేమో చూడాలి. ఉన్నట్టుండి మొదలై గంటలకొద్దీ ఆగకుండా, నడిస్తే పక్కకి తూలుతూ, మాట ముద్దగా వస్తుంటే ఇక అక్కడ కూర్చోబెట్టకూడదు, అది పక్షవాతం కావచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. ముగ్గురూ చెప్పేది కళ్ళు తిరుగుతున్నాయనే, ముగ్గురి దారీ వేరు, వేరు చేసేది రెండు మూడు ప్రశ్నలే.

ఇక చూడటం విషయానికొస్తే మా నర్సుల గోడు ఒకటి చెప్పుకోవాలి. పల్స్, బీపీ, టెంపరేచర్, ఆక్సిజన్, వీటికి మెషిన్లున్నాయి కాబట్టి ఎవరో ఒకరు చూస్తారు. ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నారో లెక్కపెట్టడానికి మాత్రం మనిషే కావాలి, నిమిషం నిలబడాలి, అందుకే ఏ కేస్ షీట్ చూసినా 18 లేకపోతే 20 అని రాసి ఉంటుంది, లోకంలో అందరూ ఒకేలా ఊపిరి పీలుస్తున్నట్టు. పసిపిల్లల్లో నిమ్ము, అంటే న్యుమోనియా, పట్టుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత అదే మరి. దగ్గుతోనో ఆయాసంతోనో వచ్చిన బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి, 2 నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి 50 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నా, ఏడాది నుంచి 5 ఏళ్ళ లోపు వాళ్ళకి 40 గానీ పైన గానీ ఉన్నా అది వేగంగా పీలుస్తున్నట్టే. చొక్కా ఎత్తి చూస్తే డొక్కలు లోపలికి పోతున్నాయా అనేదీ అప్పుడే కనపడుతుంది. ఎక్స్‌రే లేని చోట కూడా పిల్లాణ్ణి కాపాడే పరీక్ష ఇది, కావాల్సింది గడియారం ఒక్కటే.

బీపీ అయితే మెషిన్ ఉండి కూడా తప్పు చూస్తారు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి నిలబెట్టే పట్టీ చుట్టేస్తారు, చూస్తూ చూస్తూ పిల్లలెలా ఉన్నారని అడుగుతారు, మాట్లాడుతుంటేనే బీపీ పెరుగుతుంది కదా. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, వీపుకి ఆనుడు ఉండి, పాదాలు నేలకి ఆని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, మాటా పలుకూ లేకుండా రెండుసార్లు చూడాలి. లావు చెయ్యికి చిన్న పట్టీ వేస్తే లేని బీపీ కనపడుతుంది. ఆసుపత్రి చూస్తేనే బీపీ పెరిగేవాళ్ళూ ఉంటారు, వాళ్ళకి ఇంట్లో కొన్ని రోజులు చూసుకుని రాసుకురమ్మనాలి. ఒక్క తప్పు రీడింగు మీద జన్మంతా మాత్ర మింగే మనుషులున్నారండీ.

ఇప్పుడు టెస్టుల లెక్క. ల్యాబ్ రిపోర్టులో నార్మల్ అని పక్కన ఒక రేంజ్ ఇస్తారు కదా, చాలా పరీక్షలకి అదెలా వచ్చిందంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని నూరు మందిని చూస్తే 95 మంది ఏ అంకెల మధ్య ఉంటారో అది. అంటే మిగతా ఐదుగురు ఏ జబ్బూ లేకుండానే రేంజ్ బయట ఉంటారు. ఒకదానికొకటి సంబంధం లేని పరీక్షలు 20 చేయించుకున్నారనుకోండి, ఏ జబ్బూ లేని మనిషికి కూడా అందులో కనీసం ఒకటి ఎర్ర అక్షరాల్లో రావడానికి 64 శాతం అవకాశం ఉంది. ఏ బాధా లేకుండానే ఫుల్ బాడీ చెకప్ చేయించుకుని ఆ ఎర్ర అక్షరం పట్టుకుని ఇంకో నాలుగు టెస్టులు, ఒక స్కాన్, ఒక స్పెషలిస్టు, చివరికి కొండని తవ్వి ఎలుకని పట్టినట్టు ఏమీ లేదని తేలేసరికి ఆ మనిషికి నిద్ర పోయింది. ఎమ్మారైలో డిస్క్ కొంచెం ఉబ్బిందని రాస్తే ఇక నా నడుం పని అయిపోయిందనుకుంటారు, ఏ నొప్పీ లేనివాళ్ళకి తీసిన స్కాన్లు కలిపి చూస్తే 20 ఏళ్ళ వాళ్ళలోనే 30 శాతం మందికి, 80 ఏళ్ళ వాళ్ళలో 84 శాతం మందికి ఆ ఉబ్బు ఉందని 2015లో వచ్చిన సమీక్షలో తేలింది. నడుం నొప్పిలో స్కాన్ ఎవరికి అర్జెంటు అంటే, మూత్రం ఆగిపోయినవాళ్ళకి, మలద్వారం చుట్టూ మొద్దుబారినవాళ్ళకి, కాళ్ళు బలం తగ్గుతున్నవాళ్ళకి, జ్వరమో కారణం లేకుండా బరువు తగ్గడమో పాత కాన్సరో ఉన్నవాళ్ళకి. అవన్నీ అడిగితే తెలిసేవే.

ఇంకా తమాషా ఒకటుంది. వెయ్యి మందిలో ఒకరికి ఉండే జబ్బు, దానికో పరీక్ష, జబ్బున్నవాణ్ణి తప్పకుండా పట్టుకుంటుంది గానీ జబ్బులేనివాళ్ళలో నూటికి ఐదుగురికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. లక్షణాలేమీ చూడకుండా ఎవరో ఒకరికి చేస్తే పాజిటివ్ వచ్చింది, నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? ఇదే ప్రశ్న 1978లో హార్వర్డ్ దగ్గర డాక్టర్లూ మెడికల్ స్టూడెంట్లూ కలిపి 60 మందిని అడిగితే 95 శాతం అన్నవాళ్ళే ఎక్కువ, సరిగ్గా చెప్పింది 11 మంది. వెయ్యి మందిలో నిజం జబ్బు ఒకరికి, పొరపాటు పాజిటివ్ దాదాపు 50 మందికి, అంటే 51 పాజిటివ్‌లలో ఒకటి, సుమారు 2 శాతం. అదే పరీక్షని అడిగి చూసి అనుమానం బలపడ్డ మనిషికి చేస్తే ఆ పాజిటివ్‌కి విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. పరీక్ష మారలేదు, ముందు జరిగిన మాటలు మారాయి. పెద్ద స్పెషలిస్టు దగ్గర ఒక రకంగా పనిచేసే పరీక్ష చిన్న క్లినిక్‌లో ఇంకో రకంగా ఎందుకుంటుందంటే ఇందుకే, అక్కడికి వెళ్ళేవాళ్ళు అప్పటికే జల్లెడలో మిగిలినవాళ్ళు, ఇక్కడికి వచ్చేది ఊరంతా.

మరి ఊరంతా వచ్చే చోట ప్రమాదకరమైనవాడు ఎలా దొరుకుతాడు. ఆస్ట్రేలియాలో జాన్ మర్టా అనే ఫ్యామిలీ డాక్టర్ నేర్పిన పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ఎక్కువగా వచ్చేది ఏదై ఉంటుంది, తప్పిపోతే ప్రాణం మీదకి వచ్చేది ఏది, తరచుగా అందరూ జారవిడిచేది ఏది, వేషం మార్చుకుని వచ్చే జబ్బేమన్నా ఉందా, ఈ మనిషి ఇంకేదో చెప్పాలనుకుని చెప్పలేకపోతున్నాడా, ఈ ఐదు ప్రశ్నలూ వేసుకోవాలంటాడు. వేషం మార్చేవాటిలో ఆయన చెప్పినవి డిప్రెషన్, షుగర్, థైరాయిడ్, రక్తం తక్కువ కావడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, వెన్నెముక తేడాలు, ఇంకా వాడుతున్న మందులు. ఆ ఆఖరిదాని గురించి నేను గంటైనా మాట్లాడగలను. బీపీకి అమ్లోడిపిన్ వాడితే కొందరికి కాళ్ళు వాస్తాయి. వాపు చూసి నీళ్ళు పోయే మాత్ర రాస్తారు. దాంతో పొటాషియం తగ్గి కండరాలు పట్టేస్తాయి, దానికింకో మాత్ర. బీపీకే వాడే రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయి, దగ్గు మందు సీసాలు సీసాలు తాగుతారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, కాళ్ళు తిమ్మిర్లెక్కితే షుగర్ వల్లే అనుకుని వదిలేస్తారు. ఈ కేసుల్లో కొత్త జబ్బేమీ లేదు, చీటీయే జబ్బు.

గ్యాస్ సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం ఎందుకు రాసినట్టు. గ్యాస్ అని పేషెంటే పేరు పెట్టుకుని వస్తాడు, డాక్టర్ కూడా ఊ అంటాడు, అంతటితో ఆలోచన ఆగిపోతుంది. డాక్టర్లు చేసే తప్పుల మీద 2005లో గ్రేబర్ బృందం 100 కేసులు తవ్వి చూస్తే ఆలోచనలో జరిగే పొరపాట్లలో ఎక్కువసార్లు కనపడింది ఇదే, ఒక సమాధానం దొరకగానే ఇక వేరేది వెతకకపోవడం. షుగర్ ఉన్నవాళ్ళలో, వయసు మళ్ళినవాళ్ళలో, ఆడవాళ్ళలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా ఉట్టి ఆయాసం, చెమటలు, వికారం, పొట్ట పైభాగంలో బరువు లాగా రావచ్చు. అలాంటి మనిషి గ్యాస్ అంటే గ్యాస్ అని రాసుకోకుండా ఈసీజీ తీసి చూడటం, మొదటిది మామూలుగా ఉన్నా అనుమానం పోకపోతే కాసేపాగి మళ్ళీ తీయడం, ఆ మంచి డాక్టర్లని నేను చూశాను, వాళ్ళెవరి గురించీ ఏ పేపర్లోనూ ఉత్తరం రాలేదు. జరగని నష్టం గురించి ఎవరు రాస్తారు లెండి. ఒక్కసారి ఒక డాక్టర్ రాసిన పేరు కేస్ షీట్ మీద పడితే తర్వాత చూసే నలుగురూ దాన్నే కాపీ చేసుకుంటూ పోతారు, అందుకే తగ్గకుండా మళ్ళీ వచ్చిన మనిషిని మొదటిసారి చూస్తున్నట్టే మొదటి నుంచి అడగాలి, పాత పేరు పక్కనపెట్టి.

అమ్మల గురించి కూడా. "వీడు రోజూలా లేడు డాక్టర్ గారూ, ఏదో తేడాగా ఉంది" అని తల్లి అంటే కంగారు మనిషి అని కొట్టిపారేయడం ఎన్నోసార్లు చూశాను. 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక సమీక్షలో పిల్లల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్ పట్టుకోవడానికి పనికొచ్చే గుర్తుల్లో ఒంటి నీలం రంగు, వేగంగా ఊపిరి పీల్చడం లాంటి వాటితో పాటు తల్లిదండ్రుల ఆందోళన, డాక్టర్ మనసులో ఎందుకో కలిగే అనుమానం కూడా ఉన్నాయి. అంటే ఆ తల్లి మాట కూడా ఒక రిపోర్టే.

చివరికి నేనడిగేది మీ పేపర్ని. ఆదివారం హెల్త్ పేజీలో ఈ లక్షణం ఉంటే ఈ జబ్బు, ఈ టెస్టు చేయించుకోండి అని బాక్సులు వేస్తున్నారు. వాటి పక్కన ఏ గుర్తు కనపడితే అదే రోజు మళ్ళీ పరుగెత్తాలో, ఏది రెండ్రోజులు చూడొచ్చో వేయండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ, పక్కింటావిడ ఇచ్చిన మాత్రా ఆకుమందూ కూడా, సంచిలో వేసుకెళ్ళమనండి. బాధ ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది అని కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకెళ్ళమనండి. అన్నిటికంటే భయంగా ఉన్నది ఆఖర్న తలుపు దగ్గర నిలబడి చెప్పకుండా ముందే చెప్పమనండి, చాలామంది ఛాతీ నొప్పిని, రొమ్ములో గడ్డని అలా లేచి వెళ్ళిపోతూ చెప్తారు. లేచే ముందు డాక్టర్‌ని ఒక్కటి అడగమనండి, "ఇది తగ్గకపోతే ఎన్నాళ్ళు చూడాలి, ఏం కనపడితే వెంటనే రావాలి" అని. దానికి విసుక్కునే డాక్టర్ మీద ఉత్తరం రాస్తే నేను కూడా సంతకం పెడతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు